ఒక్క గొంతు, నాలుగు హక్కులు: స్వతంత్ర ర్యాపర్ సంపాదన లెక్క

గత వేసవిలో తిరుపతి బైరాగిపట్టెడలోని ఒక మేడమీది గదిలో కూర్చుని, ఇరవై మూడేళ్ల ర్యాపర్ కుర్రాడు నా చేతికిచ్చిన మూడు పేజీల అగ్రిమెంటును చదివాను. ఆ గదిలో మూడు గోడలకు బొంతలు వేలాడుతున్నాయి, కిటికీకి పాత పరుపు అడ్డంగా నిలబెట్టి ఉంది. పగలంతా వీధిలో ఆటోల హారన్లు ఆగవు కనుక అతను రాత్రి ఒంటిగంట దాటాకే గొంతు రికార్డు చేస్తాడు. మాట రాసింది, బీట్ (మాటల వెనక నడిచే తాళం, సంగీతం) కట్టింది, పాడింది, మిక్సింగ్ (రికార్డు చేసిన ధ్వనులను సమతూకంగా కలపడం) చేసింది అన్నీ తానే. మైకు, సౌండ్ కార్డు సొంత జీతంలోంచి కొనుక్కున్నాడు. ఆ పాటను తమ చానెల్లో విడుదల చేస్తామని ముందుకొచ్చిన ఒక సంస్థ పంపిన కాగితంలో అతన్ని 'కళాకారుడు' అనే ఒకే మాటతో పేర్కొన్నారు. పాటకు సంబంధించిన సమస్త హక్కులను, ప్రపంచమంతటా, శాశ్వతంగా బదలాయిస్తున్నందుకు ఇరవై వేల రూపాయలు ఇస్తారట.

"ఇరవై వేలంటే బాగనే ఉండాది గదన్నా?" అని అడిగాడు.

పదేళ్లకు పైగా ఈ ఊళ్లో జానపదాలకు, భక్తి పాటలకు, పెళ్లి వీడియోలకు మిక్సింగ్ చేసి బతుకుతున్నవాణ్ణి. ఇలాంటి కాగితం మీద నేనూ ఒకప్పుడు చదవకుండా సంతకం పెట్టాను. నేను కట్టిన బాణీ ఇప్పటికీ ప్రతి ఏటా పండగ రోజుల్లో మైకుల్లో వినిపిస్తుంది, నా పేరు మాత్రం ఎక్కడా ఉండదు. అందుకే ఆ కుర్రాడికి వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఇరవై వేలు ఎక్కువో తక్కువో తేల్చాలంటే ముందు అతను అమ్ముతున్నవి ఎన్నో లెక్కపెట్టాలి. ర్యాపరూ ప్రొడ్యూసరూ ఒకరే అయినప్పుడు చట్టం దృష్టిలో ఆ ఒక్క మనిషి నలుగురి హోదాలో నిలబడి ఉంటాడు, ఆ నలుగురి సంపాదనా నాలుగు వేరువేరు దారుల్లో వస్తుంది. 'కళాకారుడు' అనే ఒక్క మాట వెనక ఆ నలుగురూ కనబడకుండా పోతారు.

చిక్కు 'ప్రొడ్యూసర్' అన్న పదం దగ్గరే మొదలవుతుంది. హిప్ హాప్ పుట్టుకగా చెప్పుకునే 1973 ఆగస్టు 11 నాటి న్యూయార్క్ బ్రాంక్స్ పార్టీకి డీజే అయిన కూల్ హెర్క్ తెచ్చిన పద్ధతి, ఒకే రికార్డు ప్రతులు రెంటిని రెండు టర్న్‌టేబుళ్ల మీద పెట్టి, డ్రమ్స్ మాత్రమే మోగే చిన్న భాగాన్ని మళ్లీ మళ్లీ సాగదీయడం. అంటే ఈ సంప్రదాయంలో సంగీతం కట్టడమంటే ధ్వనులను ఎంచుకోవడం, కోయడం, కలపడం. 1980లో రోలాండ్ సంస్థ తెచ్చిన టీఆర్-808 డ్రమ్ మెషీను, 1988లో అకాయ్ తెచ్చిన ఎంపీసీ60 శాంప్లరు (రికార్డు చేసిన ధ్వని ముక్కలను కోసి వాయించే యంత్రం) ఈ పనిని ఒక్క మనిషి చేతిలోకి తెచ్చాయి, అలా పనిచేసే మనిషికి 'ప్రొడ్యూసర్' అనే పేరు స్థిరపడింది. మన కాపీరైటు చట్టంలో మాత్రం ఆ మాటకు అర్థం వేరు. 1957 నాటి ఆ చట్టంలోని రెండో సెక్షన్ ప్రకారం, సౌండ్ రికార్డింగు తయారీకి చొరవ, బాధ్యత తీసుకున్న వ్యక్తే ప్రొడ్యూసర్. ఇది తెలుగు సినిమావాళ్లు 'నిర్మాత' అన్నప్పుడు ఉద్దేశించే అర్థానికి దగ్గరగా ఉంటుంది. అందువల్ల బీట్ కట్టినవాడు తన పాటకు తానే ప్రొడ్యూసర్‌నని నమ్ముతూ ఉండగా, రికార్డింగుకు ఏర్పాట్లు చేసి ఖర్చు పెట్టినవారు 'చట్టప్రకారం ప్రొడ్యూసర్‌లం మేమే' అని వాదించగల పరిస్థితి వస్తుంది. సొంత మైకు ముందు, సొంత డబ్బుతో, తన గదిలో రికార్డు చేసుకున్న మన కుర్రాడికి ఈ విషయంలో బలం ఉంది, ఆ సంగతి అతనికి తెలియదంతే.

ఇప్పుడు ఆ నలుగురి సంగతి. మొదటివాడు రచయిత. సంగీత కృతిని నిర్వచించే చోట చట్టం పాడే మాటలను, పలికే మాటలను స్పష్టంగా పక్కకు తీసేసింది. కాబట్టి ర్యాప్ మాటలు బీట్‌తో ఎంత విడదీయరానివైనా, చట్టం వాటిని కవిత్వంలాగా సాహిత్య కృతిగానే చూస్తుంది. రెండోవాడు స్వరకర్త; బీట్, దాని వెనక నడిచే రాగం, హుక్ (పాటలో మళ్లీ మళ్లీ వచ్చే ముక్క) బాణీ ఇతనివి. ఈ ఇద్దరి హక్కూ వాళ్లు జీవించినంత కాలం, ఆ తర్వాత అరవై ఏళ్లు ఉంటుంది. మూడోవాడు సౌండ్ రికార్డింగు యజమాని; మాస్టర్ అని మనం పిలిచేది ఇతని ఆస్తి, ప్రచురణ తర్వాత అరవై ఏళ్లు ఉంటుంది. నాలుగోవాడు ప్రదర్శకుడు, అంటే గొంతు ఇచ్చినవాడు. అతని హక్కు యాభై ఏళ్లు.

ఇక్కడ ఒక విషయం నన్ను చాలాకాలంగా బాధిస్తోంది. ర్యాప్‌లో అసలు ప్రతిభ ఫ్లోలో ఉంటుంది. 'పోతా ఉండా', 'జెప్తా ఉండా' అనే మన చిత్తూరు మాటలోని సాగుడును బీట్ మీద ఎక్కడ మొదలుపెట్టి ఎక్కడ విరుస్తాడన్నదే ఒక కుర్రాణ్ణి ఇంకో కుర్రాడి నుంచి వేరుచేస్తుంది. ఆ విరుపు మాటల్లో పూర్తిగా ఉండదు, బాణీలోనూ పూర్తిగా ఉండదు, గొంతులో ఉంటుంది. దాన్ని కాపాడేది ఆ రికార్డింగు మీద, ఆ ప్రదర్శన మీద ఉన్న హక్కు మాత్రమే. వేరొకరు ఆ ఫ్లోను అనుకరించి తన సొంత మాటలు పెట్టుకుంటే నిలదీయడం చాలా కష్టం. అందుకే ర్యాపర్‌కు మాస్టర్ మీద యాజమాన్యం మిగతా గాయకుల కన్నా ఇంకా విలువైనదని నా అభిప్రాయం.

డబ్బు దారుల విషయానికొస్తే, కొత్తవాళ్లు మొదట చూసేది డిస్ట్రిబ్యూటర్ డాష్‌బోర్డు, అంటే రాబడి లెక్కలు చూపే పేజీ. ఏటా రుసుము తీసుకునో, వచ్చేదాంట్లో శాతం తీసుకునో, పాటను స్పాటిఫై, యాపిల్ మ్యూజిక్, జియోసావన్ వంటి చోట్లకు చేర్చే సంస్థే డిస్ట్రిబ్యూటర్. అక్కడ కనిపించే సొమ్ము మాస్టర్ యజమానికి రావలసిన వాటా. ఒక్కో స్ట్రీమ్‌కు ఇంత అని నిర్ణీత ధర ఉందని చాలామంది అనుకుంటారు గాని, అలాంటిదేమీ లేదు. చందాల నుంచి, ప్రకటనల నుంచి వచ్చిన మొత్తంలో తమ భాగం తీసుకున్నాక మిగిలినదాన్ని మొత్తం వినికిడిలో ఎవరి పాట ఎంత శాతమో చూసి పంచుతారు. మీ పాటను ఈ నెలా పోయిన నెలా ఒకే సంఖ్యలో విన్నా, ఈ నెల ఓ పెద్ద సినిమా పాటలు ఊరంతా మోగితే మీ శాతం తగ్గిపోవచ్చు. చందా ధరలు దేశానికొకటిగా ఉంటాయి కనుక అమెరికాలో ఉన్న తెలుగు శ్రోత ఒకసారి వినడం, ఇక్కడ ఉచిత ఖాతాలో ఒకసారి వినడం సమానమైన డబ్బు తేవు. పైగా 2024 నుంచి స్పాటిఫైలో గడచిన పన్నెండు నెలల్లో కనీసం వెయ్యి స్ట్రీములు దాటని పాటకు రికార్డింగు రాయల్టీ లెక్కకే రాదు. ముప్పై సెకన్లు వింటేనే ఒక స్ట్రీము. పది పాటలు హడావిడిగా వదిలి ఒక్కోదానికి ఆరేడు వందల వినికిడి తెచ్చుకున్నవాడికి అక్కడ సున్నా మిగులుతుంది.

యూట్యూబులో ప్రకటనల ఆదాయం చానెల్ యజమానికి పోతుంది. ఆ ఆదాయంలో వాటా రావాలంటే చానెల్‌కు వెయ్యి మంది చందాదారులు (సబ్‌స్క్రైబర్లు), వాళ్లతో పాటు ఏడాదిలో నాలుగు వేల గంటల వీక్షణో, తొంభై రోజుల్లో కోటి షార్ట్స్ వీక్షణలో ఉండాలి. ఈ మెట్టు ఎక్కలేకనే కుర్రాళ్లు ఎక్కువ మంది చందాదారులున్న చానెళ్లకు పాటను అప్పగిస్తారు. అది తప్పని నేను అనను. కాని అలా అప్పగించిన పాటకు వచ్చిన శ్రోతలు ఆ చానెల్‌కు చందాదారులవుతారు, రెండో పాట నాటికి కుర్రాడు మళ్లీ మొదటి మెట్టు మీదే ఉంటాడు.

ఈ రెండు దారులూ మాస్టర్‌కు సంబంధించినవే. రచయితకు, స్వరకర్తకు రావలసినది ఈ డాష్‌బోర్డులో పూర్తిగా కనబడదు. హోటల్లో, రేడియోలో, కార్యక్రమంలో పాట మోగినందుకు, ఆన్‌లైన్‌లో వాడినందుకు ఆ ఇద్దరికీ రావలసిన రాయల్టీని వసూలు చేసే సంఘం ఐపీఆర్ఎస్ (ఇండియన్ పెర్ఫార్మింగ్ రైట్ సొసైటీ), 1969లో మొదలైంది. సభ్యుడు కానివాడి వాటాను వెతుక్కుంటూ ఎవరూ ఇంటికి రారు. మన కుర్రాడికి ఆ పేరే తెలియదు. నాకు తెలిసిన భక్తి పాటల స్వరకర్తల్లో సగం మందికీ తెలియదు, వాళ్లలో కొందరివి నలభై ఏళ్ల అనుభవాలు. సభ్యత్వం తీసుకుని, ప్రతి పాటనూ మాట ఎవరిది, బాణీ ఎవరిది, ఎవరికెంత వాటా అన్న వివరాలతో నమోదు చేయించడం ఒక మధ్యాహ్నం పని.

వేదిక మీద వచ్చే డబ్బు గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. తిరుపతిలో ఎస్వీ యూనివర్సిటీ, మహిళా విశ్వవిద్యాలయం, ఐఐటీ, ఐసర్ ఉన్నాయి, చుట్టూ ఇంజనీరింగు కాలేజీలున్నాయి, ఫెస్టులు జరుగుతాయి. సగం అడ్వాన్సు ముందుగా తీసుకోవాలి, మిగతా సగం వేదిక ఎక్కేముందు తీసుకోవాలి. చాలామంది స్వతంత్ర ర్యాపర్లకు మొదటి మూడు నాలుగేళ్లు ఇల్లు గడిచేది ఇతరులకు మిక్సింగ్ చేసిపెట్టడం మీద, ఇలాంటి కార్యక్రమాల మీదే.

బీట్ ఎక్కడి నుంచి వచ్చిందన్నది మరో ముడి. సొంతంగా బీట్ కట్టని ర్యాపర్లు ఆన్‌లైన్‌లో లీజుకు తీసుకుంటారు. లీజు అంటే అద్దె. అదే బీట్‌ను అమ్మకందారు ఇంకో వంద మందికి కూడా అద్దెకివ్వవచ్చు, ఇన్ని స్ట్రీములు దాటితే మళ్లీ డబ్బు కట్టాలనే షరతు ఉండవచ్చు, బాణీలో స్వరకర్త వాటా అతని దగ్గరే ఉండిపోవచ్చు. ఉచితం అని రాసిన బీట్లలో చాలావాటికి 'డబ్బు సంపాదించనంత వరకే' అనే అర్థం ఉంటుంది. మన కుర్రాడు బీట్లు సొంతంగా కడతాడు కనుక ఈ బాధ లేదనుకున్నాడు, కాని అతని పాటలో ఫ్లూట్ లూప్ (మళ్లీ మళ్లీ తిరిగే చిన్న ముక్క) ఒకటి రాయల్టీ ఉండని శాంపిల్ ప్యాకులోంచి, అంటే ముందే రికార్డు చేసి ఇచ్చే ధ్వనుల మూటలోంచి తీసుకున్నది. వాడుకోవడానికి అనుమతి ఉంది, నిజమే. కాని అదే లూప్ ప్రపంచంలో వేలమంది పాటల్లో ఉంటుంది. వాళ్లలో ఎవరో ఒకరు తమ పాటను యూట్యూబు కంటెంట్ ఐడీలో (పాటలను పోల్చి యజమానిని గుర్తించే యంత్రవ్యవస్థలో) చేర్పిస్తే ఆ యంత్రం ఇతని పాటను కూడా వాళ్ల పాటగా గుర్తించి, ప్రకటనల డబ్బును అటు మళ్లించగలదు. అలాంటి లూప్ ప్రధానంగా వినిపించే పాటను కంటెంట్ ఐడీలో పెట్టకూడదని నిబంధన ఉంది, పెట్టేవాళ్లు చదవరు. వివాదం లేవనెత్తి, లైసెన్సు చూపించి, వారాల తరబడి ఎదురుచూడాలి. అందుకే నేను అతనికి ఆ ఫ్లూట్ తీసేసి, మ్యూజిక్ కాలేజీలో చదివే ఎవరి చేతనైనా నాలుగు స్వరాలు వాయింపించుకోమని సలహా ఇచ్చాను.

తిరుపతిలో ఉండి హిప్ హాప్ చేసేవాళ్లకు ఇంకో ప్రత్యేకమైన సందిగ్ధం ఎదురవుతుంది. అన్నమయ్య సంకీర్తన నుంచి ఒక పల్లవిని బీట్‌లోకి తేవచ్చా అని కనీసం ముగ్గురు నన్ను అడిగారు. ఈ ప్రశ్నలో మూడు పొరలు ఉన్నాయి. అన్నమాచార్యుడు 1503లో పరమపదించాడు, రాగిరేకుల మీద ఉన్న ఆయన మాటలకు ఈనాడు కాపీరైటు యజమాని ఎవరూ లేరు. కాని రేకుల మీద రాగం పేరు ఉందే గాని స్వరం లేదు. మనం వింటున్న బాణీల్లో ఎక్కువ భాగం ఇరవయ్యో శతాబ్దంలో రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ మొదలుకొని గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ దాకా మన కాలపు విద్వాంసులు కట్టినవి. రాళ్లపల్లివారు 1979లో కాలం చేశారు కనుక ఆయన బాణీల మీద హక్కు 2039 చివరి దాకా ఉంటుంది. బాలకృష్ణప్రసాద్‌గారు 2025లో మరణించారు కనుక ఆయన బాణీల మీద 2085 చివరి దాకా ఉంటుంది. ఆ హక్కు ఇప్పుడు ఎవరి చేతిలో ఉందన్నది ప్రతి పాటకూ విడిగా విచారించుకోవాలి. మూడో పొర, ఆ బాణీని ఎవరో పాడిన రికార్డింగు. దాన్ని కోసి వాడుకుంటే దాని యజమాని అనుమతీ కావాలి. ఏడు సెకన్ల లోపయితే ఫరవాలేదని కుర్రాళ్లు గట్టిగా నమ్ముతారు. చట్టంలో అలాంటి సెకన్ల లెక్క ఎక్కడా లేదు. అమెరికాలోనూ 1991లో ర్యాపర్ బిజ్ మార్కీ పాట మీద వచ్చిన తీర్పు తర్వాత, అనుమతి లేని శాంపిళ్లతో (ఇతరుల రికార్డింగుల ముక్కలతో) పాట కట్టే రోజులు పోయాయి. అన్నమయ్య మాటను తీసుకుని బాణీని తానే కట్టుకుని తానే పాడుకునేవాడికి చట్టం అడ్డు రాదు. ఈ ఊళ్లో ఆ పదాలను జనం ఎలా గుండెకు హత్తుకుని ఉంటారో ఇక్కడ పెరిగినవాడికి వేరే చెప్పనక్కర్లేదు, ఆ జాగ్రత్త అతనికే ఉండాలి.

మన కుర్రాడి పాటలో అన్నమయ్య లేడు, పలక అనే చర్మవాద్యం ఉంది. తాతయ్యగుంట గంగమ్మ జాతరలో వేషాల ముందు మోగే పలకల దెబ్బను అతను చిన్నప్పటి నుంచి విన్నాడు, దాన్నే బీట్‌కు వెన్నెముకగా పెట్టుకున్నాడు. ఇద్దరు పలకలు కొట్టేవాళ్లను గదికి పిలిచాడు. వాళ్లు మేడ మెట్ల కింద కాగితాలు మండించి, పలకల చర్మాన్ని సెగ చూపించి, వేలితో తట్టి, చాలదని మళ్లీ సెగ చూపించి, పలక గొంతు బిగిశాక పైకి వచ్చారు. గదిలో చల్లబడగానే పలక గొంతు దిగిపోతుంది కనుక ఒక్కో టేకు రెండు మూడు నిమిషాలకు మించలేదు. గంట పనికి అయిదారుసార్లు మెట్లు దిగి ఎక్కారు. ఆ దెబ్బ తరతరాలది, దాని మీద ఎవరికీ కాపీరైటు లేదు. కాని ఆ రాత్రి ఆ ఇద్దరూ కొట్టిన కొట్టుడు మీద వాళ్లకు ప్రదర్శకుల హక్కు ఉంది. 2012 సవరణ ఆ హక్కును విస్తరించింది, వాణిజ్యంగా వాడితే రాయల్టీ పొందే అర్హత కూడా కల్పించింది. తన కాగితంలో తనను ఒక్క మాటతో తేల్చేశారని బాధపడుతున్న కుర్రాడు వాళ్లకు చెరి వెయ్యి ఇచ్చి పంపేశాడు, పేరు కూడా రాసుకోలేదు. ఈ మాట నేను అతనితో కటువుగానే అన్నాను. మర్నాడే వాళ్ల దగ్గరికి వెళ్లి, ఏ పాటకు, ఎంత ఇచ్చాడు, పేరు ఎక్కడ వేస్తాడు, రాబడిలో ఎంత వాటా ఇస్తాడు అన్నది ఒక పేజీలో రాసి చదివి వినిపించాడు. "మేం కొట్టేదానికి గూడా కాయితమా నాయనా?" అని అందులో పెద్దాయన అడిగాడట.

ఇక ఆ మూడు పేజీల కాగితం దగ్గరికి మళ్లీ వద్దాం. కాపీరైటు చట్టంలోని పంతొమ్మిదో సెక్షన్ హక్కుల బదలాయింపు ఎలా ఉండాలో చెబుతుంది. అది రాతపూర్వకంగా ఉండాలి, ఏ కృతి, ఏ హక్కులు, ఎంతకాలం, ఏ ప్రాంతంలో, ఎంత ప్రతిఫలం అన్నవి అందులో ఉండాలి. కాలం రాయకపోతే అయిదేళ్లు అని, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే అని చట్టం తానే పూరించుకుంటుంది. తీసుకున్నవారు ఏడాదిలోగా ఆ హక్కును వాడకపోతే, కాగితంలో వేరే మాట లేనంతవరకూ, అది రద్దయిపోతుంది. అందుకే సంస్థలు 'శాశ్వతంగా', 'ప్రపంచమంతటా' అనే మాటలను మొదటి పేజీలోనే పెట్టుకుంటాయి. అయితే వాళ్లు ఎన్ని మాటలు రాసుకున్నా తీసుకోలేనిది ఒకటి ఉంది. 2012 సవరణ తర్వాత, సౌండ్ రికార్డింగులో చేరిన మాటకు, బాణీకి వాడకం మీద వచ్చే రాయల్టీలో సమాన వాటా పొందే హక్కును రచయితగాని స్వరకర్తగాని వదులుకోవడానికే వీల్లేదు. వారసులకో, ఐపీఆర్ఎస్ లాంటి వసూలు సంఘానికో తప్ప ఇతరులకు ఇచ్చినట్టు రాసిన ఒప్పందం చెల్లదు. సినిమా పాటకైనా థియేటర్లో సినిమాతో పాటు ప్రదర్శించడం తప్ప మిగతా వాడకాలన్నిటికీ ఇదే వర్తిస్తుంది. రాసింది నేనే అని చెప్పుకునే హక్కు, పాటను వికృతం చేస్తే అభ్యంతరం పెట్టే హక్కు కూడా అమ్మకం తర్వాత రచయిత దగ్గరే ఉంటాయి. రాయల్టీ హక్కు చట్టంలో ఉన్నా, వసూలు సంఘంలో సభ్యుడు కాకపోతే అది కాగితం మీదే ఉండిపోతుంది.

అమ్మడానికి, అద్దెకివ్వడానికి మధ్య తేడాను అతనికి చెప్పడానికి నేను చికాగో ర్యాపర్ చాన్స్ ద ర్యాపర్ ఉదాహరణ ఎత్తుకున్నాను. లేబుల్ (రికార్డు సంస్థ) లేకుండా 2016లో తెచ్చిన ఆల్బమ్‌కు 2017లో ఉత్తమ ర్యాప్ ఆల్బమ్‌గా గ్రామీ అందుకున్న అతను, ఆ ఆల్బమ్‌ను మొదటి రెండు వారాలు తమ దగ్గర మాత్రమే ఉంచినందుకు యాపిల్ అయిదు లక్షల డాలర్లు ఇచ్చిందని స్వయంగా వెల్లడించాడు. రెండు వారాలు గడిచాక అది అందరికీ అందుబాటులోకి వచ్చింది, మాస్టర్ అతని దగ్గరే ఉంది. అంతటి పేరు, అంతటి బేరం మన కుర్రాడికి లేవు. కాని కాలానికి గడువు పెట్టడం అనే పద్ధతి పెద్ద మొత్తానికీ చిన్న మొత్తానికీ ఒకేలా వర్తిస్తుంది.

ఇద్దరం కూర్చుని కాగితాన్ని తిరగరాశాం. మాస్టర్‌ను మూడేళ్లకు లైసెన్సుగా మాత్రమే ఇవ్వడం, ఆ తర్వాత అది అతనికి తిరిగి రావడం, మాట మీద, బాణీ మీద హక్కులు ఒప్పందంలో లేవని స్పష్టంగా రాయడం, వీడియో కింది డిస్క్రిప్షన్‌లో అతని సొంత చానెల్ లింకు ఉండడం, పలకవాళ్ల పేర్లు వేయడం. కాగితం మొత్తాన్ని తిరగేసినా వీటిలో ఏ ఒక్కటీ అత్యాశ అని నాకు అనిపించలేదు. సంస్థ వారం రోజులు జవాబివ్వలేదు. తర్వాత మూడేళ్లకయితే ఇరవై వేలు ఇవ్వలేమని, తొమ్మిది వేలు ఇస్తామని, మిగతా షరతులకు ఒప్పుకుంటామని తెలియజేశారు. పదకొండు వేలు పోయినట్టా, మూడేళ్ల తర్వాత పాట వెనక్కి వచ్చినట్టా అని అతను రెండు రోజులు ఆలోచించుకున్నాడు. ఇంట్లో అద్దె కట్టవలసిన నెల అది, వాళ్లమ్మ ఇరవై వేలే తీసుకోమంది.

తొమ్మిది వేలకే సంతకం పెట్టాడు. అదే సాయంత్రం ఐపీఆర్ఎస్ దరఖాస్తులో రచయిత అన్న చోట, స్వరకర్త అన్న చోట తన పేరే రెండుసార్లు టైపు చేసి, రెండో చోట కాసేపు ఆగి, పలక దెబ్బకు వాటా ఇక్కడ రాయాలా అని నన్ను అడిగాడు. దెబ్బ సంప్రదాయానిది, అది స్వరకర్త గడిలోకి రాదు, వాళ్ల వాటా నీ ఒక పేజీ కాగితంలో ఉందని చెప్పాను. ఆ కాగితాన్ని ఫోనులో ఫొటో తీసి, పాట పేరుతో ఉన్న ఫోల్డర్లో స్టెమ్స్ (పాటలోని గొంతు, వాద్యాల విడివిడి రికార్డింగులు) పక్కనే పెట్టుకున్నాడు.